‘అ కపెల్లా’: వాద్యం లేకపోవడమేనా అర్థం?

వాద్యాల తోడు లేకుండా గొంతులతోనే పాడితే అది ‘అ కపెల్లా’ అంటున్నాం. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం ‘ప్రార్థనామందిరపు పద్ధతిలో’ అని మాత్రమే. వాద్యాల ఊసు అందులో లేదు.

దీనికి మూలం లాటిన్ ‘కప్పా’, అంటే పైవస్త్రం. తూర్ నగరపు బిషప్ సెయింట్ మార్టిన్ పైవస్త్రాన్ని ఫ్రాంకు రాజులు పవిత్రంగా దాచుకున్నారు. దాన్ని ఉంచిన చోటు ‘కపెల్లా’ అయింది. ఆ పేరే క్రమంగా చిన్న ప్రార్థనామందిరాలకూ, వాటిలో పాడే క్వయర్‌కూ పాకింది.

నేటి అర్థానికి ఎక్కువమంది చూపే ఆధారం రోములోని సిస్టీన్ చాపెల్. పోపు గాయకులు అక్కడ ఆర్గన్ లేకుండానే పాడేవారు. అందులో సందేహం లేదు. కానీ ఒక్క మందిరం ఆచారాన్ని ఇటలీ అంతటికీ అంటగట్టలేం. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి 1568లో జిరోలామో దల్లా కాసా నాయకత్వాన వాద్యకారులను జీతాలకు పెట్టుకుంది.

అంతకన్నా బలమైన సాక్ష్యం ఇటాలియన్ స్వరకర్త మోంటెవెర్ది 1610లో వెనిస్‌లో అచ్చువేయించిన సంపుటి. అందులో ఆరు గొంతులకు కూర్చిన దివ్యబలి పూజాసంగీతానికి ‘దా కపెల్లా’ అనే గుర్తింపు ఉంది. అదే సంపుటితో ఆర్గన్ వాయించేవారి కోసం మంద్రస్వరాల పుస్తకం ఒకటి విడిగా వచ్చింది. అందులో ఆ పూజాసంగీతానికీ చోటుంది. వాద్యం కూడదనుకుంటే ఆ పుస్తకంతో పనేమిటి? ‘కపెల్లా’ ఇక్కడ పాతకాలపు గంభీరమైన బహుగళ శైలిని సూచిస్తోందనుకోవడమే నాకు సబబుగా తోస్తోంది. జర్మనీలో స్వరకర్త, సంగీత సిద్ధాంతకారుడు ప్రెటోరియస్ కూడా 1619లో ఈ మాటను వాద్యాలు చేరగల నిండు బృందానికి వాడాడు. 1742 ప్రాంతంలో జర్మన్ స్వరకర్త బాఖ్, 16వ శతాబ్దపు ఇటాలియన్ స్వరకర్త పాలెస్ట్రీనా పూజాసంగీతం ఒకదాన్ని కార్నెట్లు, ట్రాంబోన్ల తోడుతో పాడించేందుకు ప్రతులు సిద్ధం చేయించాడు.

అర్థం బిగుసుకున్నది 19వ శతాబ్దంలో. పాలెస్ట్రీనాను శుద్ధ గాత్రానికి ఆదర్శంగా నిలిపిన కాలమది. బైనీ రాసిన ఆయన జీవితచరిత్ర 1828లో వెలువడింది. 1868లో ఏర్పడిన జర్మన్ సెసీలియన్ సంఘం చర్చిలో ఆ శైలికి పట్టం కట్టింది. కొత్త అర్థాన్ని వీరే పుట్టించారనలేం గాని, అది నాటుకోవడానికి ఆ వాతావరణం తోడ్పడిందనవచ్చు.

కాబట్టి 17వ శతాబ్దపు ప్రతిపై ఈ మాట కనిపిస్తే దాన్ని వాద్యనిషేధంగా కాక శైలి పేరుగా చదవాలి. ఆ ప్రతితోపాటు ఆర్గన్ భాగం ఉందేమో కూడా వెతకాలి.