విన్‌త్రాప్ చెనరీ

విన్‌త్రాప్ చెనరీ (1819–1876) అమెరికాలో హోల్‌స్టీన్ పాడిపశువుల పెంపకానికి ఆద్యుడిగా పేరుపొందిన వ్యాపారి. బోస్టన్‌లో వర్తకం చేస్తూ, మసాచుసెట్స్‌లోనే ఉన్న బెల్మాంట్‌లో పశుక్షేత్రం నడిపాడు. 1852లో బోస్టన్ రేవుకు చేరిన ఒక డచ్చి ఓడలో, దారి పొడవునా నావికులకు పాలిచ్చిన ఆవును కొన్నాడు. దాని పాడి నచ్చి 1857లో, 1859లో హాలండ్ నుంచి మరికొన్ని పశువులను తెప్పించాడు.

ఆయన్ను ఆద్యుడనడానికి అభ్యంతరం లేకపోలేదు. డచ్చి వలసదారులు 17వ శతాబ్దంలోనే న్యూయార్క్ ప్రాంతానికి తమ పశువులను తెచ్చుకున్నారు. అయితే ఆ సంతతి తరాలు గడిచేకొద్దీ ఇతర పశువులతో కలిసిపోయింది; ఏ దూడ ఏ ఆబోతుకు పుట్టిందో చెప్పే ఆధారం మిగల్లేదు. చెనరీ 1861లో మళ్లీ తెప్పించిన పశువుల సంతతిని వేరుగా పెంచాడు. 1871లో ఏర్పడిన హోల్‌స్టీన్ పెంపకందారుల సంఘానికి నాయకత్వం వహించాడు. మరుసటి ఏడాది ఆ జాతికి అమెరికాలో మొదటి వంశావళి గ్రంథం వెలువడింది. దూరాన ఉన్న రైతు సైతం పశువు పుట్టుపూర్వోత్తరాలు చూసి కొనే వీలు దీంతో కలిగింది. ఆయన ప్రాధాన్యం మొదట తేవడంలో కన్నా, తెచ్చినదాన్ని నిలబెట్టి నమోదు చేయించడంలో ఉంది.

రెండో అభ్యంతరం బరువైనది. 1859లో వచ్చిన ఆవులతో పాటు ఊపిరితిత్తులను దెబ్బతీసే ప్లూరోన్యుమోనియా అనే అంటువ్యాధి కూడా దిగింది. చెనరీ మంద దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆయన అమ్మిన దూడల ద్వారా అది అదే రాష్ట్రంలోని నార్త్ బ్రూక్‌ఫీల్డ్‌కు పాకింది. వ్యాధి సోకిన మందలను వధించేందుకు రాష్ట్ర ప్రభుత్వం 1860లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ నష్టంలో ఆయన పాత్రను కాదనలేం. కాని 1843లోనే బ్రూక్లిన్‌లో ఇదే వ్యాధి ఓడ ద్వారా అడుగుపెట్టినా, దిగుమతి పశువులను కొంతకాలం విడిగా ఉంచి పరీక్షించే పకడ్బందీ ఏర్పాటు దేశంలో రాలేదు. లోపం ఒక్క కొనుగోలుదారుది కాదు, రేవులది కూడా. ఫెడరల్ పశుపరిశ్రమ విభాగం 1884లో ఏర్పడి, 1892 నాటికి గానీ ఆ వ్యాధిని నిర్మూలించలేకపోయింది.

మంద పోయిన రెండేళ్లలోపే మళ్లీ హాలండ్ పశువులనే తెప్పించడం చెనరీ పట్టుదలకు రుజువు. ఆ జాతి పెంపకందారుల రెండు సంఘాలు 1885లో హోల్‌స్టీన్-ఫ్రీజియన్ సంఘంగా ఒక్కటయ్యే నాటికి ఆయన లేడు. చెనరీ అంటువ్యాధికి దారి ఇచ్చినవాడూ, జాతికి పునాది వేసినవాడూ కూడా. ఈ రెంటిలో ఏది వదిలేసినా ఆయన చరిత్ర అసంపూర్ణమే.