గడప దగ్గర ఆగిన అడుగు

నర్సీపట్నంలో మా అమ్మ ముగ్గు చిన్నదైపోయింది. వాకిలంతా పరుచుకునే పదిహేను చుక్కల ముగ్గు ఏడు చుక్కలకి, ఆ తర్వాత అరచేతి మందానికి వచ్చేసింది. వయసు మీదపడింది, బద్ధకం పెరిగింది అనుకున్నాం. విశాఖలో డాక్టరు “రాసే అక్షరాలు చిన్నవవుతున్నాయా?” అని అడిగారు. పార్కిన్సన్స్‌కి అదొక గుర్తట. బ్యాంకు కాగితాల మీద తప్ప సంతకం పెట్టని అమ్మకి చేతిరాత అంటే ఆ ముగ్గే. దాన్ని మేం రోజూ తొక్కుకుంటూ తిరిగాం.

సాహిత్య పరిశోధన అలవాటు కదా, మూలగ్రంథం వెతికాను. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ రాసిన వ్యాసంలో ఆరుగురు రోగులు. ఆరుగురూ మగవాళ్లే. కొందరిని ఆయన వీధిలోనే చూశాడు. ఈ జబ్బు మగవాళ్లలో కాస్త ఎక్కువన్నది నిజమే. అయినా వీధిలో చూసేవాడికి వంటింట్లో బిగుసుకుపోయిన చెయ్యి ఎలా కనిపిస్తుంది? 1870ల్లో దీనికి పార్కిన్సన్ పేరు ఖాయం చేసిన షార్కో పారిస్‌లోని సాల్పెత్రియేర్‌లో పనిచేసేవాడు. అది వేలమంది పేద, వృద్ధ స్త్రీలుండే ఆశ్రమం. వణుకు లేకుండానూ ఈ జబ్బు ఉండొచ్చనీ, కదలిక మందగించడం వేరు, బలం తగ్గడం వేరనీ ఆయన చెప్పాడు. మేం అమ్మని బద్ధకం అన్నది దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత!

అమ్మ కాళ్లు గడప దగ్గర అతుక్కుపోయేవి. ఇరుకు ద్వారాల దగ్గర అలా జరుగుతుంది. నేలమీద అడ్డగీతలుంటే ఇలాంటివాళ్లు వాటిని దాటుతూ నడవగలరని 1960ల్లో పర్డన్ మార్టిన్ అనే బ్రిటిష్ వైద్యుడు రాశాడు. గడపకి ఇటూ అటూ అడుగు దూరంలో తెల్లరంగు పట్టీలు వేశాం. “నీకూ ముగ్గెయ్యడం వచ్చిందే!” అంది అమ్మ. కాళ్లపట్టాలు తీసేశాం. పీట పోయి చేతుల కుర్చీ వచ్చింది. బాత్రూంలో గోడకి పట్టుకునే కమ్మీ పెట్టించాం. ఇదంతా రెండ్రోజుల పని.

మాత్ర వేళే కుదరలేదు. లెవోడోపాని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి మన దూలగొండి గింజల్లోంచి వేరుచేశారు. పప్పులాంటి మాంసకృత్తులు దాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. అందుకే అన్నానికి అరగంట ముందే వేసుకోమన్నారు. అంటే అమ్మ అన్నానికంటూ ఒక వేళ ఉండాలి. నలభై ఏళ్లుగా అందరూ తిన్నాక తిన్న మనిషి! నాన్న ఆలస్యమైతే అన్నం ఆలస్యం, దాంతో మాత్రా ఆలస్యం. ఈలోగా చేతులు బిగుసుకుపోయేవి. పన్నెండుకి మాత్ర, పన్నెండున్నరకి కంచం అని గోడమీద రాసి, నాన్న చేతే చదివించాను.

మొన్న ఫోన్ చేస్తే “నేను తినేశానే. మీ నాన్నగారింకా రాలేదు” అంది, గొంతు తగ్గించి.