హైదరాబాద్ బుక్ ట్రస్ట్

సామాజిక మార్పు కోసం పుస్తకాలు వేసే తెలుగు ప్రచురణ సంస్థ. 1980లో హైదరాబాదులో మొదలైంది. లాభం దీని లక్ష్యం కాదు. స్థాపకుల్లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి ముఖ్యులు. కొద్దిమంది మనుషులు, తక్కువ ధర, తేలిక తెలుగు: సంస్థ బలమంతా ఇందులోనే ఉంది.

ట్రస్ట్ ప్రచురణల్లో ఒకటి ‘ఏడు తరాలు’. అలెక్స్ హేలీ నవల ‘రూట్స్’ను సహవాసి ఈ పేరుతో తెలుగు చేశారు. అమెరికా నల్లజాతివారి బానిసత్వ గాథను తెలుగు పాఠకులు తమ ఊరి కథలా చదువుకున్నారు. మూలంలోని ప్రతి వాక్యాన్నీ పట్టుకు వేలాడకుండా కథను కుదించి, నడక చెడకుండా చెప్పడం అనువాదకుడి పనితనం.

ట్రస్ట్ వేసినవాటిలో ప్రజలకు సూటిగా ఉపయోగపడిన పుస్తకం మాత్రం ‘వైద్యుడు లేని చోట’. మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ రాసిన ఆరోగ్య దీపిక ఇది. 1973లో ముందుగా స్పానిష్‌లో వచ్చింది. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు ఏ పాళ్లలో పట్టాలో బొమ్మలతో సహా చెబుతుంది. ఇలాంటి పుస్తకంలో ఒక్క కొలత తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి సంపాదకుడి బాధ్యత ఇక్కడ వైద్యుడి బాధ్యతకు తక్కువేమీ కాదు.

స్త్రీల ఆరోగ్యంపై ‘సవాలక్ష సందేహాలు’, కేశవరెడ్డి నవలలు కూడా ట్రస్ట్ ప్రచురణలే.