అమ్మమ్మ వదిలేసిన లేసు

తార్నాకలో బస్సు కోసం నిలబడ్డాం. ఫుట్‌పాత్ మీద ఒకాయన ఎండాకాలం టోపీలు పరిచి అమ్ముతున్నాడు. అందులో తెల్ల లేసు టోపీ ఒకటి తీసి మా అమ్మ తిరగేసి చూసింది. "ఇది చేతిపనే" అంది. అక్షరం ముక్క రాని మనిషి, వరసలు వేలితో లెక్కపెట్టి చెప్పింది. నడినెత్తిన గొలుసుతో చిన్న చుట్టు. అక్కణ్నుంచి చుట్టుచుట్టుకీ అల్లిక పెంచుకుంటూ పోవాలి, తల వెడల్పు రాగానే పెంచడం ఆపి కిందికి దింపాలి. మధ్యన కన్నాలు వదిలితే గాలాడుద్ది, నూలు దారం చెమట పీల్చుద్ది. ఉన్నదల్లా ఒక కొక్కెం సూది, ఒక దారం.

అమ్మకిది నేర్పింది అమ్మమ్మ. నరసాపురం దగ్గర ఒక మాలపల్లెలో క్రైస్తవుల ఇల్లు వాళ్లది.

యూనివర్సిటీలో నా అంశం కూలి పోరాటాల చరిత్ర. లేసు గురించి ఒక అధ్యాయం రాస్తానంటే ఒక పెద్దాయన నవ్వి, అది ఆడవాళ్ల కాలక్షేపం కదా అన్నాడు. ఆయనొక్కడినే అనడమెందుకు, దళిత చరిత్ర రాసే మనం కూడా పొలమూ తోలూ చూశాం గానీ సూదిని చూడలేదు.

గోదావరి డెల్టాకు మిషనరీలు 1836లో వచ్చారు. ఆ శతాబ్దంలోనే వాళ్ల ద్వారా లేసు అల్లిక నరసాపురం ప్రాంతంలో పాతుకుంది. మొదట పట్టుకున్నవాళ్లు మతం మారిన మాల, మాదిగ స్త్రీలు. తర్వాత సరుకు విదేశాలకు పోవడం మొదలయ్యాక వ్యాపారులొచ్చారు, ఏజెంట్లొచ్చారు. ఏజెంటు దారం ఇంటికి తెచ్చిచ్చి, అల్లింది పట్టుకుపోయి, ముక్కకింతని ఇస్తాడు. ఒకామె పువ్వు అల్లితే ఇంకొకామె అతుకుపని చేస్తుంది. మొత్తం గుడ్డ ఎంతకమ్ముడుపోయిందో ఇద్దరికీ తెలియదు.

జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర అక్కడ తిరిగి, 1982లో పుస్తకం వేసింది. అప్పటికి అల్లేవాళ్లలో ఎక్కువమంది పేద కాపు స్త్రీలు. గోషా పేరుతో పొలానికి పోనివ్వని ఇళ్లు. రోజంతా అల్లినా ఆమె లెక్కలో సగటు సంపాదన 56 పైసలు. అది వ్యవసాయ కూలికంటే బాగా తక్కువ. వాళ్లను కార్మికులనకుండా గృహిణులనీ, ఖాళీ సమయంలో చేసుకుంటున్నారనీ అనడం వల్లే ఆ రేటు చెల్లిందని మీస్ వాదన. నాకది సబబే అనిపిస్తుంది.

అయితే మనవాళ్లు లేసులోంచి ఎందుకు తప్పుకున్నారు? పైకులాలవాళ్లు లాక్కున్నారని రాసేయడం సులువు, నేనూ మొదట అలాగే రాశాను. అమ్మమ్మ మాట వేరు. "లేసు డబ్బు ఉప్పుకి సరిపోద్ది, కోతకెళ్తే గింజలొస్తాయి" అనేదట. అంటే లెక్క చూసుకునే వదిలేసింది. నాట్లకెళ్లి వేళ్లు మొరటుదేలాక సన్నదారం పట్టి లాగుతుంటే పోగు లేచిపోయేదట. పొలానికి వెళ్లగలగడం మా ఆడవాళ్లకు గౌరవం తేలేదు. కానీ 56 పైసలకు గడప లోపల కూర్చోకుండా మాత్రం తప్పించింది. ఇది గెలుపంటానా? అనను. ఆ పొలం కూడా ఇంకొకళ్లదే.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు ఊరి పేరు మీద ఉంది. ఆ ఊళ్లో మొదట సూది పట్టిన వాడల పేర్లు కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా.

టోపీ కొనలేదు. అమ్మ రేటు అడిగింది, తర్వాత "అల్లినామెకెంతిచ్చావు?" అనడిగింది. అతనికి తెలియదు, బేగంబజారులో డజన్ల లెక్కన తెచ్చుకుంటాడట.

ఈ సెలవుల్లో ఊరెళ్లాలి. అమ్మమ్మ ఈడువాళ్లు ముగ్గురే మిగిలారు. ఒకామెకు చూపానదు, దారం చేతికిస్తే అల్లి చూపిస్తానంది.