వేడిగాలి పోయే దారి: బట్టలారబెట్టే యంత్రం చరిత్ర

తడిబట్టలోని నీటిని వదిలించడానికి ఉన్న మార్గాలు రెండే: ఒకటి పిండడం, రెండోది ఆవిరిగా మార్చడం. పిండినప్పుడు నీరు నీరుగానే బయటికి వస్తుంది కనుక దానికి పట్టే శక్తి స్వల్పం; ఆవిరిగా మార్చాలంటే మాత్రం బాష్పీభవన గుప్తోష్ణం అనే వేడిని, అంటే నీటి ఉష్ణోగ్రతను పెంచకుండా దాని స్థితిని మాత్రమే మార్చే వేడిని, సమకూర్చి తీరాలి. ఈ వేడి కిలో నీటికి సుమారు 0.65 యూనిట్ల విద్యుత్తుతో సమానం. యూనిట్ అంటే ఒక కిలోవాట్ గంట. దండెం మీది బట్టకు ఆ వేడిని ఎండా గాలీ ఉచితంగా ఇస్తాయి, యంత్రంలో ఆరబెట్టే కుటుంబం దాన్ని కొనుక్కోవాలి. బట్టలారబెట్టే యంత్రం పుట్టి రెండు శతాబ్దాలు దాటినా, అది తినే కరెంటును ప్రధానంగా నిర్ణయించింది దాని రూపమూ మీటలూ కావు; బట్టల్లోంచి వచ్చిన వేడి, తడి గాలిని తయారీదారులు ఏ దారిన పంపారన్నదే.

ఈ యంత్రాల్లో తొలిదిగా చెప్పుకొనేది 1800 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో పోషాన్ అనే వ్యక్తి చేసింది. చుట్టూ రంధ్రాలున్న లోహపు పీపాలో తడిబట్టలు వేసి, దాన్ని నిప్పుల మీద చేత్తో తిప్పేవారు. బట్టలు ఆరేవి కానీ పొగవాసన పట్టేవి, ఒక్కోసారి కమిలేవి కూడా. 1892 జూన్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్ నగరానికి చెందిన నల్లజాతి ఆవిష్కర్త జార్జ్ టి. శాంప్సన్ పొందిన పేటెంట్ ఈ చిక్కునే విప్పడానికి ప్రయత్నించింది: ఆయన నిప్పును నేరుగా వాడకుండా, ఇంట్లో ఎలాగూ వెలిగే పొయ్యికి దగ్గరగా చట్రాల మీద బట్టలు వేలాడదీసే ఏర్పాటు చేశాడు. వంటకో, చలికాచుకోవడానికో మండే మంట వేడినే వాడుకొన్న ఆ ఆలోచనలో, తర్వాతి యంత్రాలు చాలాకాలం మరిచిపోయిన పొదుపు ఉంది.

నేటి డ్రయర్‌కు నేరుగా పూర్వరూపం అమెరికాలోని ఉత్తర డకోటాలో తయారైంది. చలికాలంలో ఆరేసిన బట్టలు తాడు మీదే గడ్డకట్టే ఆ ప్రాంతంలో జె. రాస్ మూర్ అనే వ్యక్తి ఇంటి పక్క షెడ్డులో, నూనె పొయ్యితో వేడెక్కే తిరుగుడు డ్రమ్మును నిర్మించాడు. ఏళ్ల తరబడి దాన్ని మెరుగుపరిచి కంపెనీల చుట్టూ తిరగగా, చివరికి విస్కాన్సిన్ రాష్ట్రం టూ రివర్స్ పట్టణంలోని హామిల్టన్ కంపెనీ ముందుకొచ్చింది. అచ్చుకూటాలకు చెక్క అక్షరాలు చేసిపెట్టడంలో పేరుపొందిన ఆ సంస్థ 1938లో ‘జూన్ డే’ పేరుతో ఈ యంత్రాన్ని గ్యాస్, విద్యుత్ రకాల్లో అమ్మకానికి పెట్టింది. చలిదేశపు కొనుగోలుదారుకు జూన్ నెల ఎండను గుర్తుచేయడమే ఆ పేరులోని ఉద్దేశం. తలుపుకు గాజు కిటికీ పెడితే లోపల బట్టలు దొర్లడం కనిపిస్తుందని, కంటపడేది అమ్ముడుపోతుందని సలహా ఇచ్చింది పారిశ్రామిక రూపకర్త బ్రూక్స్ స్టీవెన్స్. ఆ గాజు తలుపు నేటికీ చాలా యంత్రాలకు మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధం గృహోపకరణాల తయారీని ఆపివేసినా, యుద్ధానంతరం కొత్త శివారు ఇళ్లతో పాటే డ్రయర్ల అమ్మకాలూ పుంజుకొన్నాయి. 1956లో జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ సంస్థల అండతో సాగిన ప్రచారోద్యమం, విద్యుత్తుతో నడిచే ఇల్లే మెరుగైన జీవితమని దేశమంతటా చాటింది. కరెంటును ఎక్కువగా తినడం ఆనాటి అమ్మకందారుల దృష్టిలో లోపం కాదు. అమ్మకానికి పెట్టిన సరుకే అది.

ఆ కాలంలో స్థిరపడిన నిర్మాణాన్ని వెంటెడ్ డ్రయర్ అంటారు. అది గదిలోని గాలిని లోపలికి పీల్చి, అమెరికాలో సాధారణంగా 240 వోల్టుల మీద దాదాపు 5 కిలోవాట్ల శక్తి తీసుకొనే తీగచుట్టతో వేడిచేసి, డ్రమ్ములో దొర్లుతున్న బట్టల గుండా పంపి, తడిసిన ఆ వేడిగాలిని నాలుగు అంగుళాల గొట్టం ద్వారా గోడ అవతలికి ఊదేస్తుంది. నీటితో పాటు, నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయిన వేడంతా అదే గొట్టంలోంచి వెళ్లిపోతుంది. నష్టం అక్కడితో ఆగదు: బయటికి పోయినంత గాలి తలుపుల సందుల్లోంచి ఇంట్లోకి రావలసిందే కనుక, చలికాలంలో హీటరు, వేసవిలో ఏసీ ఆ కొత్త గాలి మీద మళ్లీ పనిచేయాలి. మీటరులో ఈ రెండో ఖర్చు డ్రయర్ పద్దు కింద కనిపించదు.

ఏడు కిలోల నూలుబట్టలను నిమిషానికి 1000 చుట్లు తిరిగే వాషింగ్ మెషీన్‌లో పిండితే, వాటిలో పొడిబరువులో దాదాపు 60 శాతం, అంటే 4.2 కిలోల నీరు మిగులుతుంది. గుప్తోష్ణం లెక్కన దాన్ని ఆవిరి చేయడానికే 2.7 యూనిట్లకు పైగా కావాలి. బట్టలూ డ్రమ్మూ వేడెక్కడం, గొట్టంలో పోయేది కలిపితే వాస్తవంలో 4 యూనిట్ల దాకా పడుతుంది. వేడిని తిరిగి పట్టుకోనంతవరకూ ఎంత గొప్ప కంపెనీ యంత్రమైనా ఆ 2.7 యూనిట్ల కిందికి దిగలేదు. అందుకే దశాబ్దాల పాటు అమెరికా విపణిలోని విద్యుత్ డ్రయర్లన్నీ ఇంచుమించు ఒకే మోతాదులో కరెంటు తిన్నాయి. ఫ్రిజ్‌లకు, వాషింగ్ మెషీన్లకు అంటించిన పసుపు శక్తిసూచిక చీటీ వీటికి అక్కరలేదని నిర్ణయించడానికీ, తక్కువ కరెంటు తినే ఉపకరణాలకు ఇచ్చే, 1992లో మొదలైన ఎనర్జీ స్టార్ గుర్తు డ్రయర్లకు 2015 దాకా రాకపోవడానికీ కారణం ఇదే: వాటి మధ్య చూపడానికి చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా లేకపోవడమే అసలు లోపమని గుర్తించడానికి అంతకాలం పట్టడం విచారకరం. 1987 నాటి అమెరికా చట్టం కొంత మేలు చేసింది. గ్యాస్ డ్రయర్లలో పగలూ రాత్రీ ఊరకే మండుతుండే పైలట్ జ్వాలను అది 1988 నుంచి నిషేధించింది.

ఇదే కాలంలో దండేనికి గడ్డురోజులు వచ్చాయి. ఆరుబయట వేలాడే బట్టలు ఇళ్ల విలువ తగ్గిస్తాయన్న భావనతో అనేక నివాస సంఘాలు వాటిని తమ నిబంధనల్లో నిషేధించగా, ఉచితంగా దొరికే ఎండను వాడుకొనే హక్కు కోసం చట్టాలు చేయవలసి వచ్చింది. ఫ్లోరిడాలో అలాంటి రక్షణ ముందే ఉంది. 2009లో వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. సూర్యుడి వేడిని వాడుకోవడానికి అనుమతి కోరవలసిన స్థితి సమాజం తన చేతులారా తెచ్చుకొన్నది. యంత్రపు చరిత్రలో ఇంతకంటే బాధాకరమైన ఘట్టం లేదు.

ఐరోపాలో కథ వేరుగా నడిచింది. గోడకు రంధ్రం చేయడానికి వీల్లేని ఫ్లాట్ల కోసం అక్కడ కండెన్సర్ డ్రయర్ వాడుకలోకి వచ్చింది. ఇందులో వేడిగాలి బయటికి పోకుండా లోపలే తిరుగుతుంది. మధ్యలో గదిగాలితో చల్లబరచినప్పుడు ఆవిరి నీరై చిన్న డబ్బాలో చేరుతుంది. గొట్టం బాధ తప్పినా కరెంటు ఖర్చు తగ్గలేదు, ఎందుకంటే ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలిన వేడి గదిలోకి పోయేది.

ఆ వేడిని మళ్లీ బట్టలకే అందించే యంత్రాన్ని, హీట్ పంప్ డ్రయర్‌ను, 1997లో ఏఈజీ సంస్థ ఇళ్లకు అమ్మడం మొదలుపెట్టింది. తడిగాలి మొదట చల్లటి గొట్టాల వరుసను తాకి తనలోని ఆవిరినీ, గుప్తోష్ణాన్నీ అక్కడే వదిలేస్తుంది. గొట్టాల్లోని శీతలకారి ద్రవం ఆ వేడిని తీసుకొని వాయువుగా మారుతుంది. కంప్రెసర్ దాన్ని అదిమి ఇంకా వేడెక్కించి రెండో వరుసకు పంపుతుంది. అదే గాలి అక్కడ మళ్లీ వేడెక్కి బట్టల్లోకి వెళ్తుంది. ఫ్రిజ్ వెనకభాగం వెచ్చగా ఉండటానికీ కారణం ఇదే ప్రక్రియ. పాత యంత్రాలకు 4 యూనిట్లు పట్టే బట్టలకు దీనికి సగమో, అంతకన్నా తక్కువో చాలు. ధర ఎక్కువ, సమయమూ ఎక్కువే. అయితే వేడి తక్కువ కావడంతో బట్టలు త్వరగా పాడవవు. స్విట్జర్లాండ్ 2012 నుంచి ఆచరణలో ఈ రకాన్నే అమ్మనిచ్చింది. 2025 జూలై 1న అమల్లోకి వచ్చిన నిబంధనలతో ఐరోపా సమాఖ్య కూడా దాదాపు అదే స్థితికి చేరింది.

అయినా చవకైన పొదుపు ఆరబెట్టే యంత్రంలో లేదు, పిండే యంత్రంలో ఉంది. పైన చెప్పిన ఏడు కిలోల బట్టలనే నిమిషానికి 1400 చుట్లతో పిండితే మిగిలే నీరు సుమారు 3.5 కిలోలకు తగ్గుతుంది, ఆ 0.7 కిలోల నీటిని వేడితో తరమాలంటే అర యూనిట్ వరకూ పట్టేది, అదనపు చుట్లకు అందులో చిన్న భాగమే చాలు. తెలుగు ఇళ్లలో సెమీ ఆటోమేటిక్ మెషీన్ పక్కతొట్టి చేసే పని ఇదే. ఆ తర్వాత బట్టలు మేడ మీది తాడుకో, బాల్కనీకో చేరతాయి. టెక్సస్, న్యూజెర్సీ రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి మాత్రం గోడలో నాలుగు అంగుళాల రంధ్రం, దాని పక్కనే 240 వోల్టుల ప్లగ్గు ముందే అమర్చిన ఇళ్లే దొరుకుతాయి. కొత్త డ్రయర్ కొనేటప్పుడు ఆ రంధ్రానికి సరిపోయేదే సులువుగా దొరుకుతుంది కనుక, ఏ రకం యంత్రం తీసుకోవాలన్నది చాలావరకు ఇల్లు కట్టిన బిల్డరు ముందే తేల్చేస్తాడు.