కెమిస్ట్రీ మాస్టారి ఫుట్‌బాల్

ముందుగా ఒక మాట. ఇది కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ ఉరికే అమెరికన్ల ఆట. 1905లో కాలేజీ కుర్రాళ్ల ప్రాణాలు పోతుంటే వ్యవహారం దేశాధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాకా వెళ్లింది. కుమ్ములాట తగ్గుతుందని 1906లో బంతిని ముందుకు విసరనిచ్చారు. రూలైతే వచ్చింది గానీ పెద్ద కాలేజీలు దాన్ని అంతగా నమ్మలేదు.

మన కెమిస్ట్రీ మాస్టారు నూట్ రాక్నీకి కలిసొచ్చింది అదే. 1888లో నార్వేలోని వాస్‌లో పుట్టి, ఐదేళ్లకు షికాగో చేరాడు. పోస్టాఫీసులో కొన్నేళ్లు పనిచేసి డబ్బు కూడబెట్టుకుని, ఈడువాళ్లు డిగ్రీలు పుచ్చుకునే 22వ ఏట ఇండియానాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1913 వేసవిలో ఆయనా, జట్టులో బంతి విసిరే గస్ డొరే అనే కుర్రాడూ ఈరీ సరస్సు ఒడ్డున సీడర్ పాయింట్‌లో కొలువుకు కుదిరారు. పని అయ్యాక ఇసుకలో ఒకరు విసరడం, ఒకరు పట్టడం. బంతిని పొట్టకు హత్తుకుని పట్టడం అప్పటి అలవాటు. రాక్నీ మాత్రం పరుగు ఆపకుండా, వేళ్లు బిగించకుండా చేతులతోనే అందుకోవడం సాధన చేశాడు. ఆ నవంబరు 1న వెస్ట్‌పాయింట్‌లో నోటర్ డేమ్ 35–13తో ఆర్మీ జట్టును ఓడించింది. కాసేపు కుంటినట్టు నటించి, కాపలావాడు ఏమరుపాటుగా ఉన్నప్పుడు ఉరికానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

అంతమాత్రాన బంతిని ముందుకు విసిరే పాస్ ఆయన కనిపెట్టింది కాదు. సెయింట్ లూయీ విశ్వవిద్యాలయం 1906లోనే విసిరింది. రాక్నీ, డొరే చేసిందల్లా పేరున్న జట్టు మీద, పత్రికలవాళ్ల కళ్ల ముందు దాన్ని నెగ్గించడం.

1914లో పట్టా వచ్చాక నోటర్ డేమ్‌లోనే కెమిస్ట్రీ చెబుతూ, కోచ్ జెస్సీ హార్పర్‌కు సాయంగా ఉన్నాడు. 1918లో ఆ కుర్చీ ఆయనదే అయింది. 13 సీజన్లలో 105 గెలుపులు, 12 ఓటములు, 5 డ్రాలు. నాకు ఈ లెక్క కన్నా ఆయన ఎత్తుగడే ఎక్కువ నచ్చుతుంది. మొదట రెండో జట్టును దింపేవాడు. ఎదుటివాళ్లు వాళ్లతో తలపడి అలిసిపోయాక, అసలు జట్టు తాజాగా దిగేది. 1924లో ఒక్క ఆటా ఓడలేదు. 1925 జనవరి 1న రోజ్ బౌల్ ఆటలో స్టాన్‌ఫర్డ్‌నూ 27–10తో ఓడించింది.

మాటల్లోనూ ఘనుడే. 1920లో గొంతు ఇన్‌ఫెక్షన్ ముదిరి చనిపోయిన ఆటగాడు జార్జ్ గిప్, జట్టు కష్టంలో ఉన్నప్పుడు తన పేరు మీద ఒక్క ఆట గెలవమని కోరాడంటూ 1928లో ఆర్మీతో ఆట మధ్యలో కుర్రాళ్లకు చెప్పాడు. 12–6తో గెలిచారు. ఎనిమిదేళ్లు ఆ మాట ఎందుకు దాచాడో మరి! నాకైతే అనుమానమే. 1940లో సినిమా తీస్తే గిప్ వేషం వేసింది రోనాల్డ్ రీగన్. ఆ వేషంతో వచ్చిన ముద్దుపేరు వైట్‌హౌస్ దాకా ఆయన్ని వదల్లేదు.

ఈ సినిమా చూడ్డానికి రాక్నీ లేడు. 1931 మార్చి 31న లాస్ ఏంజెలిస్ బయల్దేరిన ఆయన విమానం కాన్సస్‌లో బజార్ ఊరి దగ్గర పొలాల్లో కూలి ఎనిమిదిమందీ చనిపోయారు. అది కొయ్య రెక్కల ఫోకర్ విమానం. రెక్క లోపల చెమ్మ చేరి, అతుకుల జిగురు పట్టు వదిలేసిందని తేలింది. ఆ దెబ్బతో ప్రయాణికులకు కొయ్య రెక్కల మీద నమ్మకం పోయింది. ఆ విమానం నడిపిన టీడబ్ల్యూఏ లోహపు విమానం కావాలని తయారీదార్లను అడిగింది. అలా 1933లో ఎగిరిందే డగ్లస్ వాళ్ల డీసీ-1.