మూల నుంచి మూలకు: రంగుల చార్టు వచ్చిన దారి

చిత్తూరు జిల్లా ఐరాలలో కూర్చున్న పిల్లకైనా, అమెరికాలో ఉన్న అత్తకైనా ఇవాళ క్రోషే నేర్పే గురువు సెల్‌ఫోనే. అందులో కొత్తవాళ్లను బాగా లాగుతున్న పద్ధతి ఏటవాలు అల్లిక. కార్నర్ టు కార్నర్ అంటారు, పొట్టిగా సీటూసీ. దుప్పటి కింది మూలలో ఒక్క గడితో మొదలై, ఎదురుగా ఉన్న పై మూలలో ఒక్క గడితో ముగుస్తుంది. పక్కన ఒక రంగుల చార్టు పెట్టుకోవాలి. చార్టులో గడి ఎరుపైతే అల్లికలోనూ ఎరుపే. క్రోషే సూది తెలుగు నేలకు వచ్చి నూట ఎనభై ఏళ్లు దాటింది. చార్టు మాత్రం అల్లేవాళ్ల చేతికి చాలా ఆలస్యంగా అందింది. ఆ ఆలస్యం వెనక ఎవరి లాభం ఉందో చూస్తేనే ఈ కథ అర్థమవుతుంది.

గళ్లలో బొమ్మ నింపడం యూరప్‌లో పాత విద్యే. 1520ల్లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కుట్టుపని నమూనాల పుస్తకం అచ్చయింది. అసలు ఊపు 19వ శతాబ్ది మొదట్లో బెర్లిన్ వ్యాపారులు తెచ్చారు. గళ్ల కాగితం అచ్చువేసి, ఒక్కో గడికీ చేత్తో రంగు అద్దించి అమ్మారు. గుడ్డ మీద ఆ గడి ఉన్నచోట ఆ రంగు ఊలుతో ఒక కుట్టు వేస్తే పువ్వు తయారు. బొమ్మ గీయడం రానివాళ్లు కూడా బొమ్మ కుట్టగలిగారు. క్రోషే అచ్చులోకి వచ్చిందీ దాదాపు అప్పుడే. 1823లో నెదర్లాండ్స్ పత్రిక పెనెలోపే పట్టుదారపు చేతిసంచుల అల్లిక గురించి రాసింది. తర్వాత ఫిలే క్రోషే వచ్చింది. నిండు గడి, ఖాళీ గడి, ఈ రెండింటితోనే గులాబీ దగ్గర్నుంచి దేవదూత దాకా అల్లేవారు. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు క్రోషే లేసు పేద ఇళ్లకు కూడు పెట్టింది.

మన దగ్గరికి అది గోదావరి ఒడ్డున దిగింది. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మాక్రే అనే మిషనరీ దంపతులు నరసాపురంలో ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద కుటుంబాలకు నాలుగు రాళ్లు సంపాదించే దారి చూపాలన్నది వాళ్ల ఆలోచన. అక్కడి నుంచి పని చుట్టుపక్కల పల్లెలకు పాకింది. గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువనుకునే ఇళ్లలోకీ చేరింది. సన్న నూలు దారం, తెలుపు లేదా మీగడ రంగు. పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని అతికి టేబుల్ గుడ్డగా చేసేవారు ఇంకొకరు. ఈ అతుకు పని వేరే నేర్పు. ఎగుమతిదారు ఒక నమూనా ముక్క పంపేవాడు. దాన్ని వేళ్లతో తడిమి, గొలుసులు లెక్కపెట్టి, అచ్చు అలాగే దించేవారు. ఒక పల్లెలో ఆడవాళ్లకు తమ పువ్వు చివరికి ఏ గుడ్డలో ఎక్కడ కూర్చుంటుందో తెలియకుండానే రోజులు గడిచిపోయేవి.

జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడికి వచ్చి పరిశోధించి, 1982లో ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్ అనే పుస్తకం తెచ్చారు. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లుతున్న మనిషిని గృహిణి అని, ఆమె పనిని తీరిక వేళ వ్యాపకమని పిలవడం వల్లే అంత తక్కువ కూలి చెల్లిందని ఆమె వాదన. ఆ మాటకు నేనొకటి కలుపుతాను. డిజైన్ మొత్తం చూపే కాగితం ఎవరి దగ్గరుంటే బేరం వాళ్ల చేతిలో ఉంటుంది. నమూనా ముక్క మాత్రమే చూసినవాళ్లకు ముక్కకూలి మాత్రమే దక్కింది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, మంచిదే. పువ్వును మొదట ఊహించిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఎక్కలేదు.

రంగుల చార్టు తెలుగు ఇళ్లలోకి వేరే దారిన వచ్చింది. క్రోషేతో కాదు, క్రాస్ స్టిచ్‌తో. మ్యాటీ గుడ్డ, యాంకర్ దారం, గళ్లలో చిలకల జంట ఉన్న డిజైన్ పుస్తకం. ఒకప్పుడు కుట్టు నేర్చిన ప్రతి ఆడపిల్ల ఇంట్లోనూ ఫ్రేము కట్టిన చిలకలు గోడ మీద ఉండేవి. ఆ ఇళ్లలోనే టీవీ మీద క్రోషే కవరు కూడా ఉండేది, కానీ అది ఒకే రంగు. ఈ రెండు విద్యలూ ఒకే గదిలో ఉండి కూడా చాలాకాలం పలకరించుకోలేదు. క్రోషేలో వరుస మధ్యలో రంగు మార్చడం చిరాకు పని కాబట్టి. ఏటవాలు గడి ఆ చిరాకును తగ్గించింది. ఇంటర్నెట్ దానికి సీటూసీ అనే పేరును స్థిరపరిచి ఊరూరా తిప్పింది. 2016 జనవరిలో చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం అల్లిక దుప్పట్లను కలిపి 11,148 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టింది. ఐరాలకు చెన్నై ఎంత దూరమని? ఆడవాళ్లు ఆన్‌లైన్‌లో ఒకరికొకరు నేర్పుకుంటే ఏమవుతుందో ఆ దుప్పటి చూపించింది.

ఇక గడి సంగతి. ఆరు గొలుసులు వేసి, సూది నుంచి నాలుగో గొలుసులో ఒక డబుల్ క్రోషే, తర్వాతి రెండు గొలుసుల్లో ఒక్కొక్కటి. మూడు నిలువు కుట్లు, పక్కన మూడు గొలుసుల సందు. ఇదే చార్టులో ఒక గడి. (బ్రిటిష్ పుస్తకాల్లో ఈ కుట్టునే ట్రెబుల్ అంటారు. అమెరికా వీడియో చూస్తూ బ్రిటిష్ పుస్తకం చదివితే అల్లిక అడ్డదిడ్డమవుతుంది.) రెండో వరుసకు మళ్లీ ఆరు గొలుసులతో ఇంకో గడి కట్టి, దాన్ని తిప్పి, మొదటి గడి సందులో జారుకుట్టు వేసి, మూడు గొలుసులు ఎత్తి, అదే సందులో మూడు డబుల్ క్రోషేలు వేస్తారు. రెండు గళ్లయ్యాయి. మూడో వరుసలో మూడు. రంగు మారాలంటే ఆ జారుకుట్టును కొత్త రంగుతో లాగాలి, అంతే.

ధనుర్మాసంలో ముగ్గు పెట్టే చేతికి ఈ లెక్క కొత్తేమీ కాదు. నడుమ 7 చుక్కలు పెట్టి, రెండు వైపులా 5, 3, 1 అంటూ దించే ముగ్గులా, ఇక్కడా వరుస పెరిగి, నిండి, తరుగుతుంది. 12 గళ్లు పొడవు, 12 గళ్లు వెడల్పు ఉన్న చార్టులో గళ్లు 144, ఏటవాలు వరుసలు 23. వాటిలో 12వ వరుసే పెద్దది. వెడల్పు 12, ఎత్తు 16 అయితే వరుసలు 27. 12 నుంచి 16 దాకా అయిదు వరుసలు ఒకే కొలతలో ఉంటాయి. అక్కడ ఒక అంచున గడి పెరుగుతుంది, రెండో అంచున తరుగుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. తరిగే అంచులో ఆరు గొలుసులు వేయకూడదు. కుట్ల మీదుగా జారుకుట్లతో సందు దాకా నడవాలి.

చార్టును మామూలు పుస్తకంలా అడ్డంగా చదివితే పని చెడుతుంది. పెన్సిలు, స్కేలు తీసుకుని కింది మూల నుంచి ఏటవాలు గీతలు గీయాలి. ఒక వరుస ఎటు చదివామో, తర్వాతి వరుస దానికి ఎదురుగా చదవాలి. గీతకు బాణం గుర్తు పెట్టుకుంటే తికమక ఉండదు. చార్టు పక్కనే అంకెలు రాసుకోవచ్చు. తొమ్మిదో వరుస: తెలుపు 3, ఎరుపు 2, తెలుపు 4. మొత్తం తొమ్మిది రాకపోతే సూది పట్టకముందే తప్పు దొరుకుతుంది. తెలుపు రెండుచోట్ల ఉంది కాబట్టి తెల్ల ఊలు ఉండలు రెండు కావాలి. చిన్న అట్టముక్కలకు చుట్టి, బట్టల క్లిప్పు పెడితే చిక్కుపడవు.

మొదటి చార్టుకు రెండు రంగులు చాలు. మామిడి పిందె, గుండె, గాలిపటం లాంటివి 12 గళ్లలో ఒదుగుతాయి. తెలుగు అక్షరం జోలికి మొదట్లో వెళ్లొద్దు. "అ"లోని వంపు చదరపు గళ్లలో కుదరాలంటే 20 గళ్లయినా కావాలి, లేకపోతే చదివినవాళ్లు ఇంకేదో అనుకుంటారు. ఈ పద్ధతిలో నాకు నచ్చే ఇంకో సంగతి ఊలు లెక్క. చదరానికి ఊలును ముందే తూచి పెట్టుకుని, సగం అయ్యేదాకా పెంచి, అక్కడి నుంచి తగ్గించుకుంటూ పోతే సరిపోతుంది. సాదా దుప్పటికే ఈ సౌకర్యం. చార్టున్నప్పుడు ఎక్కడ తిరగాలో చార్టే చెబుతుంది.

ఫొటోను గళ్లుగా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అయినా ఒక్క చార్టయినా గళ్ల కాగితం మీద మీరే గీయండి. కింద మీ పేరు, ఊరు, తేదీ రాయండి. నరసాపురం పువ్వులకు అది జరగలేదు.